హిమశిఖరారోహణము: పోకకు ముందు రాక
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ప్రవరాఖ్యుని కథ తెలుగువారిలో ఎఱుగనివారుండరు. దేశములను, తీర్థములను చూడవలెనను వేడుకగల ఆ గృహస్థునకు ఒక సిద్ధుడు పాదలేపమొసంగెను. దానిని పాదములకు పూసికొని అతడు క్షణములో హిమగిరిని చేరెను. కొండలను, సెలయేళ్లను కన్నులార చూచెను. మధ్యాహ్నమునకు ఇంటికి మరలుదమని తలంచునప్పటికి మంచునీటికి ఆ లేపము కాస్త కరగిపోయి యుండెను. పెద్దన గారి మనుచరిత్రమును వర్ణనలకొఱకు చదువువారు కలరు; ప్రవరుని నిష్ఠకొఱకు చదువువారు కలరు. ప్రయాణమునకు సంబంధించిన గ్రంథముగా చదివినచో దానియందు మఱియొక పాఠము కానవచ్చును. ప్రవరుడు పోవుటకు సాధనము సంపాదించెను గాని, వచ్చునంతవఱకు అది నిలుచునా యని విచారింపలేదు. మంచు సోకిన లేపమేమగునో ఇచ్చినవానిని అడుగలేదు. దారి యెఱిగిన ఆ సిద్ధుడు వెంట రాలేదు. కడకు అగ్నిదేవుని అనుగ్రహమువలన అతడు ఇల్లు చేరెను. నేటి యాత్రికుడు అట్టి అనుగ్రహమును నమ్మి బయలుదేరరాదు.

హిమశిఖరములను ఎక్కుట విదేశీయులకును, సైనికులకును మాత్రమే చెల్లునని తలచు కాలము గడచినది. 2014 మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ, పదునాలుగేండ్లు నిండకముందే, ఎవరెస్టు శిఖరమును అధిరోహించెను. ఖమ్మము ప్రాంతపు సాధనపల్లి ఆనందకుమార్ ఆమెతో కూడ శిఖరము చేరెను. వారిరువురు సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. పత్రికలలో శిఖరముపై నిలిచిన బాలిక చిత్రము అందఱును చూచిరి. దానికి ముందు భువనగిరి ఏకశిలపై త్రాళ్లతో మొదలై, డార్జిలింగునందును లడాఖునందును సాగిన శిక్షణను చూచినవారు కొలదిమంది. పలువురు బాలబాలికలలో ఏరగా ఏరగా మిగిలినవారు ఆ యిరువురు. శిఖరముపై నిలిచినది కొన్ని నిమిషములు. దానికొఱకు సిద్ధపడినది అనేక మాసములు. ఆ నిష్పత్తిని ముందుగా గ్రహించిన పిమ్మటనే ఈ విషయమున మాటలాడవలెను.

ఎవరెస్టు 8,848 మీటర్లకు పైబడిన శిఖరము. దాని వ్యయము, అపాయము వేఱు. సామాన్య యాత్రికుడు మార్గదర్శి సహాయమున ప్రయత్నింపదగినవి ఆఱువేల మీటర్ల వరుసలోని శిఖరములు. నేపాలునందు ఇట్టివానిని ట్రెక్కింగ్ శిఖరములందురు. 1973లో స్థాపింపబడిన నేపాల్ పర్వతారోహణ సంఘము వీనికి అనుమతి పత్రములనిచ్చుచున్నది. ఈ పేరు వినుటకు సుకుమారముగా నున్నది గాని, అది అనుమతి సులభముగా దొరకుటను తెలుపునే తప్ప దారి సుగమమని తెలుపదు. వీనిలో పెక్కింటిపై త్రాడు పట్టక, మంచుగొడ్డలి చేపట్టక, ఇనుపముండ్ల క్రాంపాన్లు పాదరక్షలకు బిగింపక పోరాదు. పేరును చూచి మోసపోయి, కొండదారిని నడచుటయే కదా యని వచ్చి, నిలువుగా నున్న మంచుగోడ క్రింద నిలిచి దిగులుపడువారు ఏటేట కలరు.

ఉదాహరణమునకు ఒక శిఖరమును తీసికొందము. ఎవరెస్టునకు దక్షిణముగా, ఖుంబూ ప్రాంతమున, ఇమ్జా త్సే యను శిఖరము కలదు. పటములలో దాని యెత్తు 6,189 మీటర్లుగా వాడుకలో నున్నది. మంచుసముద్రము నడుమ దీవివలె నున్నదని దానికి ఐలండ్ పీక్ అని పేరిడిరి. 1953లో ఎవరెస్టును జయింపబోవు బ్రిటీషు బృందమువారును, వారితో టెన్సింగ్ నార్గే వంటి షెర్పాలును, మహాశిఖరమునకు పోకముందు ఈ పరిసరములందలి శిఖరములపై వారముల తరబడి తిరిగి, పలుచని గాలికి దేహమును అలవాటు చేసికొనిరి. అంతటి వీరులే తొందరపడలేదనుట ఇందు గమనింపదగిన విషయము.

ఏల తొందరపడరాదు? గాలిలో ప్రాణవాయువు పాలు ఎంత యెత్తునకు పోయినను నూటికి ఇరువదియొకటియే. తగ్గునది గాలి యొత్తిడి. సముద్రతీరమున అది నూరు పాళ్లనుకొన్నచో 5,500 మీటర్ల వద్ద సుమారు ఏబది పాళ్లు మాత్రమే యుండును. అనగా ఒక్కొక్క శ్వాసకు సగము భోజనము. వంటయింటి లెక్కలో చెప్పవలెనన్నచో, మన యూళ్లలో నీరు నూరు డిగ్రీల వద్ద కాగును. 5,000 మీటర్ల వద్ద సుమారు 83 డిగ్రీలకే తెరలిపోవును. ఎసరు తెరలుచున్నట్లే యుండును, బియ్యము ఉడుకదు. దేహమునకు ఈ లోటు తెలియును. శ్వాసను పెంచును, రక్తమున ఎఱ్ఱకణములను పెంచుకొనును. కాని ఆ పనికి దినములు కావలెను. ఆ దినములీయక ఎక్కువాని దేహము ఎదురుతిరుగును. మొదట తలనొప్పి, ఆకలి మందగించుట, వాంతి, నిద్రలేమి. దానిని లెక్కింపక ఇంకను పైకి పోయినచో, ఊపిరితిత్తులలో నీరు చేరి కూర్చున్నచోటనే ఆయాసము వచ్చును. లేదా మెదడు వాచి మనుష్యుడు తిన్నని గీతపై నడువలేక తూలును. ఈ రెండును ప్రాణాంతకములు. వీనికి మందులును, ప్రాణవాయువు సీసాలును కలవు గాని, అవి క్రిందికి దిగుటకు వ్యవధినిచ్చును. అసలు చికిత్స దిగుటయే.

బలిష్ఠుడైన యువకునకు ఈ వ్యాధి రాదనుట భ్రమ. కొండ దేహబలమును చూచి జాలిపడదు. పైగా బలముగలవాడు వేగముగా నడచును, వేగముగా నడచువాడు వేగముగా వ్యాధికి చిక్కును. వెనుకబడుటకు సిగ్గుపడి తలనొప్పిని దాచువాడు అతనికంటె ప్రమాదకరుడు.

అందుచేత యాత్రా ప్రణాళికయందు మొదట వ్రాయవలసిన పద్దు ధనము కాదు, దినములు. మూడువేల మీటర్లు దాటిన పిమ్మట, నేటి రాత్రి నిద్రించు చోటు నిన్నటి చోటికంటె ఐదువందల మీటర్లకు మించి యెత్తున నుండరాదు. మూడు నాలుగు దినములకొక విశ్రాంతి దినము ఉండవలెను. ఇది వైద్యులు చెప్పిన సూత్రము. దీనిని ఇమ్జా త్సే మార్గమునకు అన్వయించి చూడుడు. కాఠ్మాండూనుండి చిన్న విమానమున లుక్లా చేరుదురు. అది 2,860 మీటర్లు. మొదటి రాత్రి కొంచెము దిగి ఫాక్‌డింగున, 2,610. రెండవ రాత్రి నామ్చే బజారున, 3,440. ఇచట సూత్రము మీఱినది. నడుమ తగిన మజిలీ లేదు. కావున మూడవ దినము నామ్చేలోనే నిలువవలెను. నాలుగవ రాత్రి తెంగ్‌బోచే బౌద్ధాశ్రమము చెంత, 3,860. ఐదవ రాత్రి దింగ్‌బోచే, 4,410. మరల కొంచెము మీఱినది, మరల ఒక దినము నిలువవలెను. ఏడవ రాత్రి చుఖుంగ్, 4,730. అచట ఇంకొక దినము నిలిచి, పైనున్న కొండ నెక్కి, చూచి, రాత్రికి క్రిందనే నిద్రింపవలెను. తొమ్మిదవ రాత్రి సుమారు 5,080 మీటర్ల యెత్తున మూలశిబిరము. పదవ దినమున త్రాటిపని సాధన. పదునొకండవ దినమున ఆరోహణము. ఆపై వాతావరణమునకై రెండు దినములు నిలువ. తిరుగుదారికి మూడు దినములు. లుక్లాలో మబ్బు పట్టి విమానము రాకున్నచో దానికి మఱి రెండు దినములు. మొత్తము పదునెనిమిది. ఈ పదునెనిమిదిలో నడువక నిలుచు దినములే ఫలమునిచ్చునవి. ఖర్చు తగ్గింపగోరువాడు మొదట కొట్టివేయునవియు అవియే.

మార్గదర్శిని, యాత్రా సంస్థను ఎన్నుకొనునపుడు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. ఒకరు తక్కువ ధర చెప్పినచో సంతోషింపక ముందు, అది ఏ పద్దులో తగ్గినదో అడుగవలెను. అనుమతి రుసుము అందఱికిని ఒకటే. విమానపు వెల అందఱికిని ఒకటే. కావున తగ్గినది విశ్రాంతి దినములలోనో, మార్గదర్శుల సంఖ్యలోనో, త్రాళ్లలోనో, బరువులు మోయు కూలీల భోజనములోనో, వారి భీమాలోనో తగ్గియుండవలెను. మార్గదర్శికి శిక్షణ పత్రము కలదా? ఈ యేడాదిలో ఆ శిఖరముపైకి పోయి యుండెనా? ఒక్కొక్కరి వెంట ఎందఱు యాత్రికులుందురు? ప్రాణవాయువు సీసా, మందులు, వార్త పంపు సాధనము శిబిరమున నుండునా? ఒకనికి వ్యాధి వచ్చినచో అతనితో దిగుటకు ఎవరు కేటాయింపబడిరి? మిగిలినవారిని ఎవరు నడపుదురు? ఇవి అడుగుటకు మొగమాట పడరాదు. సూటిగా సమాధానమిచ్చువానికే ధనమీయవలెను.

కూలీల విషయము వేఱుగ చెప్పవలసియున్నది. శిఖరము చేరినవాని పేరు పత్రికలకెక్కును. అతని బియ్యము, గుడారము, త్రాడు మోసినవాని పేరు ఎక్కదు. అతడును అదే పలుచని గాలిని పీల్చును. చాలమంది కూలీలు దిగువ లోయల రైతులు. ఎత్తు వారికిని కొత్తయే. వారి బరువు ముప్పది కిలోలకు మించకుండ చూచుట, వెచ్చని దుస్తులు, పాదరక్షలు, కంటి అద్దములు, రాత్రి తలదాచుకొను చోటు ఇచ్చుట, జబ్బుపడినచో ఒంటరిగా క్రిందికి పంపక తోడుతో పంపుట యాత్రికుని ధర్మము. దానిని సంస్థపై నెట్టి తప్పించుకొనరాదు. కూలి మిగిల్చి శిఖరమెక్కినవాని లెక్క ఎన్నటికిని సరిపడదు.

ఇక గ్రంథములును, పటములును. వానిని తప్పక చదువవలెను. కాని వానికిని ఒక హద్దు కలదు. ఇమ్జా త్సే పాదమున నేడు ఇమ్జా యను పెద్ద సరస్సు కలదు. 1950 ప్రాంతమున అచట మంచుపై చిన్న చిన్న నీటిమడుగులే యుండెను. మంచునది కరగగా కరగగా అవి కలిసి సరస్సైనవి. అది తెగి లోయను ముంచునను భయముచేత 2016లో కాలువ త్రవ్వి, నీటిమట్టమును మూడు మీటర్లకు మించి తగ్గింపవలసి వచ్చినది. శిఖరముపైని మంచును అట్లే మాఱుచున్నది, పగుళ్లు వెడల్పగుచున్నవి, నిన్న నడచినచోట నేడు నిచ్చెన వేయవలసి వచ్చుచున్నది. పుస్తకము దారి యెట్లుండెనో చెప్పును. ఈ ఋతువున దారి యెట్లున్నదో నిన్న నడచి వచ్చినవాడే చెప్పగలడు. కావుననే మార్గదర్శి.

దేహమును సిద్ధపఱచుటకు నాలుగైదు మాసములు చాలును. వీపున బరువుతో మెట్లెక్కుట, కొండలపై దీర్ఘదూరము నడచుట, దిగుటకు మోకాళ్లను అలవాటు చేయుట. అవకాశమున్నవారు 1954లో స్థాపింపబడిన డార్జిలింగు హిమాలయ పర్వతారోహణ విద్యాలయమునందో, 1965లో స్థాపింపబడిన ఉత్తరకాశి నెహ్రూ పర్వతారోహణ విద్యాలయమునందో ప్రాథమిక శిక్షణ పొందుట మేలు. మొదటిదానియందు టెన్సింగే ఆరుబయలు శిక్షణకు అధిపతిగా నుండెను. హృద్రోగము, శ్వాసరోగము కలవారు వైద్యుని అనుమతి లేక పోరాదు. ఎత్తుజబ్బును నివారించు మాత్రలును వైద్యుని సలహాతోనే తీసికొనవలెను. భారతీయులకు నేపాలునకు వీసా అక్కఱలేదు. పాస్‌పోర్టుగాని ఓటరు గుర్తింపు కార్డుగాని చాలును. భీమా పత్రమును మాత్రము చివరి పంక్తివఱకు చదువవలెను. కొన్ని పత్రములు ఒక యెత్తు దాటినవానికి వర్తింపవు. హెలికాప్టరు వ్యయము అందు కలదో లేదో చూడవలెను.

ఋతువు రెండు: ఏప్రిల్, మే మాసములొకటి, అక్టోబరు, నవంబరు మాసములొకటి. శరత్కాలపు ఆకాశము నిర్మలమని ప్రసిద్ధి. ఆ ప్రసిద్ధిని నమ్మినవారికి 2014లో జరిగినది తెలుగువారు మఱువరానిది. ఆ యేడు అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకెను. ఇండ్లు, చెట్లు, విద్యుత్స్తంభములు కూలి పట్టణము చీకటిలో మునిగెను. మనవారు ఇచట కూలిన కొమ్మలను తొలగించుచుండగా, ఆ తుపాను శేషము ఉత్తరమునకు సాగి, రెండు దినములకు నేపాలున అన్నపూర్ణా ప్రాంతమున మంచుగా కురిసెను. 5,416 మీటర్ల తోరోంగ్ లా కనుమను దాటుచున్నవారు నడుములోతు మంచులో చిక్కిరి. యాత్రికులు, మార్గదర్శులు, కూలీలు కలిసి నలువదిమందికి పైబడి ఆ ప్రాంతమున మరణించిరి. బంగాళాఖాతమున పుట్టిన గాలి హిమాలయమున ప్రాణములు తీయగలదని ఆనాడు తెలిసెను. వాతావరణ వార్త తెలిసికొనక కదలరాదు. తెలిసిన పిమ్మట, ధనము పోయినను ఆగవలెను. ప్రణాళికలోని రెండు నిలువ దినములు దీనికొఱకే.

ఇంక ఆరోహణ దినము. రాత్రి ఒంటిగంటకు, రెండుగంటలకు బయలుదేరుదురు. చలి సున్నకు క్రింద పదునైదు డిగ్రీలుండవచ్చును. తలకు దీపము కట్టుకొని రాళ్లదారిని ఎక్కుదురు. తెల్లవాఱునప్పటికి మంచునది అంచు చేరి, క్రాంపాన్లు తొడిగి, ఒకే త్రాటికి అందఱును కట్టుకొందురు. ఒకడు పగులులో పడినచో తక్కినవారు నిలుపుటకు. పిమ్మట నిలువు మంచుగోడ. ముందే బిగించిన త్రాటికి జుమారు అను పట్టును తగిలించి, అడుగు వేసి, అయిదాఱు శ్వాసలు తీసి, మరల అడుగు వేయుదురు. ఆ పైన సన్నని గట్టు, దాని చివర శిఖరము. ప్రొద్దెక్కినకొలది మంచు మెత్తబడును, రాళ్లు జాఱును, మధ్యాహ్నమునకు మబ్బును గాలియు వచ్చును. కావున ఎంత దూరమున నున్నను, ఒక నియతమైన వేళకు వెనుదిరుగవలెను. పదునొకండు గంటలని నిశ్చయించుకొన్నచో పదునొకండు గంటలే.

ఈ వేళను ఎచట నిశ్చయింపవలెను? ఇంటివద్దనే. ఇదియే ఈ ప్రసంగమునకు ముఖ్యాంశము. పలుచని గాలి కాళ్ల సత్తువకంటె ముందు వివేకమును హరించును. శిఖరము నూఱు మీటర్లలో కనబడుచుండగా, రెండేండ్లు కూడబెట్టిన ధనము, ఊరివారికి చెప్పి వచ్చిన మాట, మరల రాలేమను దిగులు, అన్నియు ఒక్కసారి మనస్సును పైకి లాగును. అపుడు ఆలోచించి నిర్ణయింతమనుకొన్నవాడు సరిగా నిర్ణయింపలేడు. ఆలోచించు సాధనమే చెడియున్నది. మతి స్థిరముగా నున్నపుడు వ్రాసికొన్న మాట, మతి చలించినపుడు మనుష్యుని కట్టివేయవలెను. ఆ పత్రమున మూడు వాక్యములు చాలును: ఈ వేళకు తిరుగుదును, మార్గదర్శి దిగుమన్నపుడు వాదింపక దిగుదును, తోడివాడు తూలినచో శిఖరమును వదలి అతనితో దిగుదును. ఒక ప్రతి మార్గదర్శికి, ఒక ప్రతి ఇంటివారికి ఇచ్చిపోవలెను.

అనుభవము గలవారికి ఇంత కట్టుబాటేల యని అడుగవచ్చును. నెల్లూరు జిల్లా గాంధీజనసంగమున జన్మించిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండముల అత్యున్నత శిఖరములను 172 దినములలో అధిరోహించిన మహాసాహసి. అంతటివాడు 2015 మార్చిలో దక్షిణ అమెరికా ఆండీస్ పర్వతములపై ఒంటరిగా ఎక్కుచు కనబడకపోయెను. పిమ్మట దేహము మాత్రమే లభించెను. ఆయన నైపుణ్యమును శంకించుటకు ఎవరికిని అర్హత లేదు. అట్టి నిపుణునికైనను గాలియు మంచును వశము కావను సత్యమును తెలుగువారు కన్నీటితో నేర్చికొనిరి. తొలిసారి పోవువారికి మార్గదర్శి తోడును, ముందుగా వ్రాసికొన్న నియమమును విడువరాదనుటకు ఇంతకుమించి చెప్పనక్కఱలేదు.

మహాప్రస్థానమున పాండవులు హిమాలయము ఎక్కునపుడు ద్రౌపది పడినది, సహదేవుడు పడెను, నకులుడు పడెను, అర్జునుడు, భీముడు పడిరి. ధర్మరాజు వెనుదిరిగి చూడక నడచెను. అది దేహము విడుచుటకు సంకల్పించి చేసిన యాత్ర. అచట తిరిగి వచ్చుట ఉద్దేశము కాదు. నేటి యాత్రకు ధర్మము దానికి విపర్యయము. ముందు నడచువాడు మాటిమాటికి వెనుదిరిగి చూడవలెను. పడినవానిని లేపవలెను. లేవలేనిచో అందఱును మరలవలెను. శిఖరము వచ్చే యేడు కూడ అచటనే యుండును.

కావున హిమశిఖరమెక్కగోరు యువకులను పెద్దలు వలదని అడ్డగింప నక్కఱలేదు. వారిని కూర్చుండబెట్టి, కాగితము చేతికిచ్చి, మొదట దిగు దారిని వ్రాయుమని అడుగవలెను. ఏ దినమున ఎచట నిద్రింతురో, ఏ వేళకు తిరుగుదురో, జబ్బుపడినవానిని ఎవరు తెత్తురో, బరువు మోసినవానికి ఏమిచ్చెదరో వ్రాయగలిగినచో ఆశీర్వదించి పంపవచ్చును. ఇంటివద్ద ఎదురుచూచువారు శిఖరముకొఱకు ఎదురుచూడరు. పోయినవాడు గుమ్మము తొక్కుటకొఱకు చూతురు. ప్రణాళిక యావత్తును ఆ గుమ్మమునొద్దనే ముగియవలెను.

స్వస్తి.